మీరు రాస్తానన్న మూడో లేఖ

మేడమ్,

నా ఎమ్మెస్సీ దరఖాస్తుకు మీరు రాస్తానన్న మూడో సిఫారసు లేఖ ఇవాళ వెళ్ళిపోయింది. మీరు పోయాక ఎవరినడగాలో తెలియక నెల రోజులు తిరిగాను. చివరికి మీ గదిలోకి వచ్చిన కొత్త సార్‌ని అడిగితే, అందరూ అనే మాటే అన్నారు. "నువ్వే రాసుకోని రా మా, సంతకం పెడతా."

నన్ను నేనే పొగుడుకుంటూ రాయడం చేతకాలేదు. మీరు దిద్దిన నా ఫిజిక్స్ ల్యాబ్ రికార్డు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. అందులో సగం మీ తిట్లే. తిరగేస్తూ ఆయన ఒక పేజీ దగ్గర ఆగారు. అక్కడ ఎర్ర సిరాతో మీరు రాసింది ఇది: "జవాబు తప్పు. అయినా పక్కవాళ్ళ రీడింగులు చూసి మార్చుకోలేదు. ఈ అమ్మాయి కొలిచి చెప్తే నమ్మొచ్చు."

"రికార్డు ఈడ పెట్టిపో మా. నేనే రాస్తా" అన్నారు.

ఈ మధ్యాహ్నం పంపేశానని చెప్పారు. ఇంటికొస్తూ అంబత్తూరు బస్సులో నిద్రపోయి, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

ఆ ప్రయోగానికి మీరు పదికి నాలుగే వేశారు. అప్పట్నుంచి మీ మీద దాచుకున్న కోపం ఇవాళ్టితో పోయింది.