ఆటలో నీ గొంతు

అక్కా,

ఈరోజు తెనాలిలో నీ జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు ప్రార్థిస్తుండగా, నీ కూతురి ఒళ్ళో ఉన్న ఫోనులోంచి నువ్వే మాట్లాడావు: "తప్పు బంగారం, మళ్ళీ చూడు." పిల్లల అక్షరాల ఆటకి అప్పట్లో నువ్విచ్చిన గొంతు.

"నీకు అక్షరాలన్నీ వచ్చుగదే?" అని తర్వాత అడిగాను.

"వచ్చు పిన్నీ. తప్పు నొక్కితేనే అమ్మ ఎక్కువసేపు మాట్లాడుద్ది."

దానికి జడలేసేదీ, బాక్సు కట్టేదీ నేను. ముద్దులు మాత్రం ఆ ఫోనుకి. నీమీద కుళ్ళుగా ఉందక్కా. బెలూన్లు పేల్చే ఆట వేసిచ్చాను. ఇందులో ఎవరూ మాట్లాడరంటూ పక్కన పడేసింది.

"పోనీ, నేను మాట్లాడనా?"

"తప్పు చేస్తే నువ్వు అరుస్తావుగా పిన్నీ!"

ఎన్నిసార్లు తప్పు నొక్కినా బంగారం అనడం నీకు సులువే. నీకేం, స్కూలు బస్సు వెళ్ళిపోతుందన్న తొందర లేదుగా.