వెతికే పెట్టె

ఆదివారం ఉదయం
ప్రియమైన తమ్ముడూ,
నిన్న సాయంత్రం ఆరుంబావుకి ఇద్దరు మనుషులు లిఫ్ట్ మెకానిక్ ఇంటి తలుపు తట్టారు. పేరు పెట్టి పిలిచారు. "గురువారం విచారణకి వస్తున్నావటగా" అని అడిగి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆయన భార్య ఆ గ్లాసులు ఇంకా ముట్టుకోలేదట.
లిఫ్ట్ తెగిపడి ముగ్గురు పోయిన సంగతి నా వెబ్‌సైట్‌లో రాశాను కదా. తనిఖీ చేయకుండానే సంతకం పెట్టించారని నాకు చెప్పింది ఆయనే. పేజీలో 'పాత మెకానిక్' అనే ఉంది. సైటు పాస్‌వర్డ్‌లు నాకూ నీకూ మాత్రమే తెలుసు. ఎక్కడైనా నోరు జారావా? ఫోన్ చేయకు. ఈ ఉత్తరం తెచ్చిన పక్కింటావిడకే జవాబివ్వు.
నీ అక్క

ఆదివారం మధ్యాహ్నం
అక్కా,
బాగుంది. నెల రోజులు సెలవులన్నీ తగలేసి నీ సైటు బాగుచేస్తే, చివరికి నా నోటి మీద పడ్డావు. ఆయన పేరే నాకు తెలియదు. అక్షరాలు పెద్దవి చేశాను. పేజీలు తయారుచేసే పాత ప్రోగ్రాం తీసి కొత్తది పెట్టాను. వెతికే పెట్టె ఒకటి చేర్చాను. నీ రాతలో కామా కూడా ముట్టలేదు.
అయినా ఒకటి చెప్పు. ఆ పేరు నువ్వెక్కడైనా రాసుకున్నావా?
అలిగిన తమ్ముడు

ఆదివారం సాయంత్రం
నాన్నా,
రాసుకున్నాను. నోటుపుస్తకం మార్జిన్‌లో రాసుకునే అలవాటు నాది. సైటు ఫైళ్లలోనూ అంతే. మారుపేరు పక్కనే రెండు గుర్తుల మధ్య అసలు పేరు. పాత ప్రోగ్రాం ఆ మధ్యది పేజీలో చూపకుండా వదిలేసేది. పదకొండేళ్లలో ఒక్కసారీ బయటికి రాలేదు.
ఇప్పుడే నీ పెట్టెలో 'మెకానిక్' అని కొట్టాను. కింద నా వాక్యం వచ్చింది, పక్కనే ఆయన పేరు.
ఆయన్నీ భార్యనీ నా సైటు కేసులు చూసే వకీలు తన ఇంటికి తీసుకెళ్లింది. కానీ అలా రాసుకున్న పేర్లు ముప్ఫై ఒకటి. అందులో ఒకటి నీకు రాయడానికి చెయ్యి రావడం లేదురా.
అక్క

సోమవారం ఉదయం
అక్కా,
నిన్న ఏడున్నరకి పెట్టె తీసేశాను. పేజీలన్నీ మళ్లీ తయారుచేసి ఒక్కొక్కటీ చూశాను. పేర్లు లేవు. అయినా ఆలస్యమైంది. ఆ పెట్టె వెతికేది ఒక జాబితాలో. గుర్తుల మధ్య పేర్లతో సహా నీ రాతంతా అందులో ఉంటుంది. సర్వర్ లెక్క ప్రకారం శుక్రవారం పదకొండూ ఐదుకి ఎవరో ఏ పేజీ తెరవకుండా ఆ జాబితా ఒక్కటే దింపుకున్నారు.
నిన్న నీకు అబద్ధం రాశాను. పరీక్షించేటప్పుడు మెకానిక్ పేరు నాకూ కనిపించింది. పెట్టె అన్నీ పట్టేస్తోందని మురిసిపోయాను.
పేరు బయటపడిందని మొదటి పదిహేను మందికీ నువ్వు చెప్పు, మిగతావాళ్లకి నేను చెబుతాను. నిన్న నీ ఫైళ్లలోని పేర్లని రెండు వాటాలు వేస్తూ పదిహేడో పేరు దగ్గర ఆగిపోయాను. ఆరేళ్ల క్రితం, కాలం చెల్లిన మందులకి కొత్త తేదీలు అతికిస్తున్నారని నీకు చెప్పిన 'ఒక గుమాస్తా'. పక్కన నా పేరు.
నాది ఇప్పటికీ అదే కంపెనీ, అదే బల్ల. ఇవాళ ఆఫీసుకి వచ్చేసరికి దాని మీద చీటీ ఉంది. రేపు ఉదయం పదింటికి నన్ను మేనేజరు గదికి రమ్మన్నారు. ఒక్కడినే.
నీ గుమాస్తా