గాజు మూత కింద కాఫీ

సల్త్
ఆదివారం

ప్రియమైన తమ్ముడు రాకాన్‌కు,

ఫోన్ చేస్తే కట్ చేస్తావు. మెసేజ్ పెడితే చూసి కూడా చూడనట్టు ఊరుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. అకబా బస్సు డ్రైవర్‌తో ముందే మాట్లాడి, "పోర్టులో క్రేన్ల దగ్గర తాటిచెట్టంత పొడుగు మనిషి ఒకడు ముఖం మాడ్చుకుని ఉంటాడు, వాడికియ్యి" అన్నాను. "ఓ, రాకానా!" అని నవ్వాడు. పేరు బాగానే సంపాదించావు.

కూర్చుని చదువు. నేనిప్పుడు మన పేటలో ఉన్నాను. అవును, మెట్ల వీధిలోనే. ఎనిమిదేళ్ళ కింద మనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని దిగిపోయిన మెట్లవే. పైన పసుపు రాతి మేడ ఉంది చూడు, అందులో చిత్రకళా ప్రదర్శన పెట్టారు. ట్యూనిస్, బాగ్దాద్, బేరూత్‌ల నుంచి ఆర్టిస్టులొచ్చారు. తలా ఒక గది. బొమ్మలు గోడకు తగిలించి పోవడం కాదట, పేటవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడించాలట. నడిపిస్తున్నది మొరాకో నుంచి వచ్చిన ఇల్హామ్ అనే ఆవిడ. మంచిదే కానీ, నోరు తెరిస్తే "సంభాషణ" అంటుంది. మనవాళ్ళు దానికేం లోటు చేయలేదులే. బాగ్దాద్ అతను నిలబెట్టిన ఇనప చువ్వల గుట్ట చూసి పక్కింటి ఉమ్ జియాద్, "ఏం నాయనా, ఇల్లు సగంలో ఆపేశావేం? మేస్త్రీ పారిపోయాడా?" అని అడిగేసింది. పాపం, అతను వివరించబోయాడు. ఆవిడ వింటేనా!

నా గదిలో చాపలు, దిండ్లు, నిప్పుల మీద కాఫీ. గోడల నిండా ఈ వీధి గుమ్మాలన్నీ నాకు గుర్తున్నట్టు బొగ్గుతో గీశాను. మన గుమ్మం కూడా ఉంది. ఎవరొచ్చినా నా చేత్తో కాఫీ పోసి, మీ గుమ్మం ఏదో చెప్పమంటాను. జనం కదలరంటే నమ్ము.

నిన్న ఐహమ్ వాళ్ళ నాన్న వచ్చాడు, అబూ ఐహమ్.

చెప్పులు విప్పుతుంటే చూశాను. "రాకాన్ ఈ పేటలో అడుగు పెట్టకూడదు" అని వాళ్ళవాళ్ళు పెద్దల ముందు షరతు పెట్టిన తర్వాత ఆయన్ని నేను చూడడం ఇదే మొదటిసారి. కాఫీ పోశాను. తీసుకున్నాడు. పెదవికి ఆనించకుండా ముందు పెట్టుకున్నాడు.

అంటే ఏదో అడగడానికి వచ్చాడు, అడిగింది ఇస్తామనే దాకా తాగడు. రాజీ కోసం మన పెద్దలు ఎన్నిసార్లు వాళ్ళింట్లో కప్పులు ఇలాగే ముందు పెట్టుకుని కూర్చున్నారో, "తాగండి" అన్న మాట వినకుండా ఎన్నిసార్లు లేచి వచ్చారో నీకు తెలుసు. ఇప్పుడు కొడుకును పోగొట్టుకున్న మనిషే వచ్చి నా ముందు కూర్చున్నాడు. "తాగండి బాబాయ్, మీరొచ్చిన పని అయినట్టే" అని నేనన్నానంటే, ఆయన ఏది అడిగినా కాదనడానికి లేదు. నేను ఆ మాట అనలేదు. చాలాసేపు చూసి లేచి వెళ్ళిపోయాడు. కప్పు అక్కడే ఉంది.

ఏం అడుగుతాడురా? వెంటనే రాయి.

నీ అక్క
శాదెన్

*

అకబా
మంగళవారం

అక్కా,

నీకేమన్నా మతి పోయిందా? దేశంలో ఇంకెక్కడా గోడలు లేవా బొమ్మలు గీయడానికి? మన గుమ్మం కూడా గీశావా! ఇంకా నయం, గుమ్మంలో నన్ను గీయలేదు.

ఆయన అడిగేది బొమ్మలు కాదు. నన్ను. వాళ్ళ పికప్ వేసుకుని ఐహమూ నేనూ బయల్దేరడం, లోయ మలుపులో బండి తిరగబడి వాడు పోవడం, ఇదంతా పేటకంతటికీ తెలుసు. నడిపింది నేనని ఆసుపత్రిలో వాళ్ళమ్మ ఉమ్ ఐహమ్ ముఖం మీద నేనే చెప్పాను. ఇంకేం కావాలి ఆయనకు? ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మలుపులో ఏం జరిగిందో మాట మాట అడుగుతాడు. ప్రపంచంలో ఎవరికైనా చెబుతాను, ఆయనకు చెప్పను.

ఆ మాట అనకు అక్కా. చచ్చినా అనకు. నీ చాపలూ దిండ్లూ చుట్టుకుని జర్కాలో అమ్మ దగ్గరికి వెళ్ళిపో. అమ్మకు మాత్రం ఇదేమీ చెప్పకు.

రాకాన్

*

సల్త్
బుధవారం

ప్రియమైన మొండివాడికి,

పరిస్థితి చెయ్యి దాటింది. మొత్తం విను.

ఇల్హామ్‌కు మన కప్పు సంగతి తెలియదు. వాళ్ళ దేశంలో టీ పోస్తే తాగేస్తారు, అంతే. నిండుగా ఉన్న కప్పు చాప మీద ఒంటరిగా కనబడేసరికి ముచ్చటపడి, నేను రాకముందే దాని మీద గాజు మూత బోర్లించింది. పక్కన చీటీ కూడా పెట్టింది: "ఒక అతిథి వదిలి వెళ్ళిన మౌనం." నేను చూసి తల పట్టుకున్నాను.

"ఇల్హామ్, అది మౌనం కాదు. ఆయన ఏదో అడుగుతున్నాడు. మేం ఇంకా జవాబు చెప్పలేదు" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. అప్పటికే పేటంతా వచ్చి చూసి వెళ్ళింది. ఉమ్ జియాద్ అయితే గుమ్మంలోనే నిలబడి, "మా మనిషి చెయ్యి చాస్తే చేతికి గాజు పెట్టెలు తొడుగుతారా? సిగ్గుండాలి!" అని దులిపేసింది.

మధ్యాహ్నం అబూ ఐహమ్ తమ్ముడు ఫవ్వాజ్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. మూత తీయమంటాడనుకున్నాను. కాదు. "కాఫీ పారబొయ్యి" అన్నాడు.

"అది మీ అన్నగారి కప్పు బాబాయ్. పారబోస్తే ఆయన్ని కాదన్నట్టే" అన్నాను.

"అందుకే పారబొయ్యమంటున్నా. రక్తం పోయింది మాది. అడగాల్సింది మీరు. మా అన్నకు మతి చలించి వచ్చి కూర్చుంటే మేమూరుకుంటామా? శుక్రవారం నమాజు అయ్యేలోపు కప్పు ఖాళీగా కనబడాలి. లేదంటే ఈ బొమ్మల కొలువు ఇక్కడ ఉండదు."

ట్యూనిస్ ఆమె పెట్టె సర్దుకుంటోంది. ఇల్హామ్ నా ముందు కూర్చుని, "నువ్వేం చెబితే అది. ఇది నీ గది" అంది. ఏడ్చినట్టుంది. మనిషికి నిజంగానే బాధ కలిగింది, అది ఒప్పుకోవాలి.

ఇదంతా జరుగుతుంటే అబూ ఐహమ్ రోజూ వస్తున్నాడు. ఆ గాజు మూత ముందు కూర్చుంటాడు. మనిషి ఎంత చిక్కిపోయాడనుకున్నావ్! చిన్నప్పుడు మనిద్దరినీ చెరో భుజం మీద ఎక్కించుకుని ఈ మెట్లెక్కిన మనిషేనా అనిపించింది.

నేను పారబొయ్యలేనురా. అలాగని నీ ప్రాణం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టలేను. నీకు తెలిసి నాకు తెలియనిది ఏదో ఉంది. అదేమిటో చెప్పు. శుక్రవారం లోపు చెప్పు.

నీ అక్క
శాదెన్

*

అకబా
గురువారం

అక్కా,

పారబొయ్యి.

నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ముసలాళ్ళిద్దరూ ఒక్క నమ్మకం మీద బతుకుతున్నారు. దాన్ని నా నోటితో కూలగొట్టించకు. వాళ్ళు నన్ను తిట్టుకుంటే నాకేం కాదు, అలవాటైపోయింది. నువ్వు మాటిచ్చినా నేను రాను. నలుగురిలో నీ మాట పోతుంది, ఆ తర్వాత నన్ననకు.

రాకాన్

*

సల్త్
శుక్రవారం

రాకాన్,

నీ ఉత్తరం పొద్దున్నే అందింది. పారబొయ్యలేదు.

నమాజు కాగానే మేడ నిండిపోయింది. మెట్ల మీద కూడా జనమే. ఫవ్వాజ్ గోడకానుకుని నిలబడ్డాడు. అబూ ఐహమ్ తన చోట కూర్చున్నాడు. ఉమ్ ఐహమ్ కూడా వచ్చింది. మడిచిన గుడ్డ మూట ఒకటి ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

గాజు మూత నేనే ఎత్తాను. ఆరు రోజుల కాఫీ, పైన తెట్టు కట్టింది. నీకేమవుతుందో అని భయం, నువ్వు రానంటే పోయే పరువు భయం, రెండూ ఉన్నాయి. ఆయన కళ్ళెత్తి నన్ను చూశాడు. ఇంక ఆగలేకపోయాను.

"తాగండి బాబాయ్. మీరొచ్చిన పని అయినట్టే" అన్నాను. నన్ను తిట్టుకో.

"అన్నా, లే! ఇంటికి పద. మన పరువు తీయకు" అన్నాడు ఫవ్వాజ్.

"నోరు మూసుకుని కూర్చోరా" అన్నాడాయన. ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో! తర్వాత నాతో అన్నాడు: "తల్లీ, ఆ పికప్ ఇన్నేళ్ళూ షెడ్డులో దుప్పటి కింద పడి ఉంది. మొన్న చలికాలంలో పాత ఇనుముకు వేసేద్దామని, చివరిసారి ఒక్కసారి కూర్చుందామని ఎక్కాను. మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు ముందుకు జరిపి ఉంది. వీపు వెనక దిండు కూడా పెట్టి ఉంది."

ఉమ్ ఐహమ్ మూట విప్పింది. చిన్న దిండు, ఎర్ర దారంతో కుట్టింది. "నేను కుట్టిందే. ఐహమ్ పొట్టివాడు కదా, కాళ్ళందవని దిండు కూడా నేనే ఇచ్చాను" అంది.

"నీ తమ్ముడు ఆ సీట్లో పట్టడమ్మా. వాడి మోకాళ్ళు ఎక్కడ పెడతాడు? నడిపింది నా కొడుకు" అన్నాడాయన. "మావాళ్ళకు చెబితే, చచ్చినవాడి మీద నిందెందుకు, నోరు మూసుకోమన్నారు. నేనొక్కణ్ణీ అకబా వెళితే వాడు నా ముఖాన తలుపేస్తాడు. అందుకే నలుగురిలో అడుగుదామని వచ్చాను. నాకు రాకాన్ కావాలి. ఇంటికి తిరిగి రావాలి. ఎందుకలా అబద్ధమాడాడో అడగను. వచ్చి మా ఇంట్లో కూర్చుంటే చాలు."

కప్పు తీసుకున్నాడు. తాజాది పోస్తానన్నాను, వద్దన్నాడు. ఆ చేదు, ఆ తెట్టు, అడుగున ఉన్న మడ్డి కూడా వదలకుండా తాగి కప్పు నా చేతికిచ్చాడు. ఫవ్వాజ్ తల గోడకు తిప్పుకున్నాడు. కాసేపటికి అతనే వచ్చి, అన్న పక్కన చాప మీద కూలబడి, "నాకూ పొయ్యమ్మాయ్" అన్నాడు. ఇల్హామ్ ఆ చీటీ చించేసింది.

ఎందుకురా చెప్పలేదు? నాకైనా, అమ్మకైనా? ఇన్నేళ్ళు ఒక్కడివే మోశావా? దగ్గరుంటే నీ చెంప పగలగొట్టి, తర్వాత గట్టిగా పట్టుకుని ఏడ్చేదాన్ని.

నేను మాటిచ్చేశాను. వస్తావా, రావా?

అక్క

*

సల్త్
ఆదివారం

అక్కా,

పైన రాసిన ఊరు చూసి కంగారుపడకు. మామూలుగా బస్సు డ్రైవరే తెచ్చి ఇచ్చాడు కదా? ఈసారి ఉత్తరంతో పాటు నన్నూ తెచ్చాడు.

ఆసుపత్రిలో ఉమ్ ఐహమ్ నా చొక్కా పట్టుకుని, "బండి తాళం వాడికిచ్చింది నేనే రాకాన్. చెప్పు, వాడే నడిపాడా?" అని అడిగింది. ఆ ముఖం చూసి, అవునని ఎలా చెప్పను? "లేదమ్మా, నేను" అన్నాను. అంతే. అన్నాక వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది. ఆవిడకు తెలిసిపోయిందని నీ ఉత్తరంలో చదివి, బస్సులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఇద్దరు ముసలమ్మలు నారింజలు ఒలిచి పెట్టారు.

కింద మెట్ల దగ్గర నిలబడ్డాను. ఉమ్ జియాద్ కిటికీలోంచి చూసి అప్పుడే పేటంతా వినబడేలా అరుస్తోంది. అబూ ఐహమ్ గుమ్మం ఇక్కడికే కనబడుతోంది, తలుపు తీసే ఉంది. ఒక మెట్టు ఎక్కి మళ్ళీ దిగాను.

కాఫీ పొయ్యి మీద పెట్టడం తర్వాత. ముందు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకో.

నీ తమ్ముడు
రాకాన్