అయిదు సెంట్లలో గజీబో

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఈరోజు మా పెద్దోడు మీరావలి మా చిన్నోడు కాలేషాని గాడిద అన్నాడు. నేరుగా, మొహంలో మొహం పెట్టి అన్నాడు. సంతోషం పట్టలేక రాసుకుంటున్నాను.

నా కొడుకులిద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. పొలం గట్టు దగ్గర మొదలైంది. ఆ పొలం అమ్మేశాం, గట్టూ పోయింది, మాటలు మాత్రం రాలేదు. వాళ్ళమ్మ లాల్‌బీ పోయినప్పుడు జనాజాని ఇద్దరూ ఒకే వైపు మోశారు, ముందొకడు, వెనకొకడు. కబరస్తాన్ దాకా ఒక్క మాట లేదు. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో నేను. నాన్నా, మీ చిన్నోడికి చెప్పు మోటారు ఆపమని. నాన్నా, మీ పెద్దోడికి చెప్పు నాకు చెవుడు లేదని. రెండడుగుల దూరంలో నిలబడి ఇద్దరూ నాకు చెప్పేవాళ్ళు, నేను మళ్ళీ చెప్పేవాణ్ణి. పోస్టుమాన్‌కైనా ఆదివారం సెలవుంటుంది.

ఇదంతా ఆయేషా పుణ్యం. పెద్దోడి కూతురు, గుంటూరులో ఆర్కిటెక్చర్ చదువుతోంది. రెండిళ్ళ మధ్య నా పేరు మీద అయిదు సెంట్ల ఖాళీ ఉంది, అందులో ఒక మూల నా రేకుల గది. మిగతాది తాతకి గార్డెన్ చేయాలని దాని ప్రాజెక్టు. ఫోన్‌లో రెండు బొమ్మలు చూపించింది. గజీబో అంటే ఆరు స్తంభాలు, పైన గొడుగులాంటి కప్పు, చుట్టూ కటకటాలు. పెర్గోలా అంటే నాలుగు స్తంభాలు, పైన అడ్డకర్రలు, కప్పుండదు, తీగ పాకించుకోవాలి. మన పందిరే కదమ్మా అన్నాను. పేరు పలకడం నేర్చుకో తాతా అంది.

మీరావలి గజీబో అన్నాడు. గోడ అవతల నుంచి కాలేషా, నాన్నా, మీ పెద్దోడికి చెప్పు, ఇంటి ముందు కొబ్బరిబోండాల కొట్టెందుకని అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మీరావలి గోడ మీదికి వంగి, కప్పు లేనిది కట్టుకుని వానలో కూర్చుంటావా గాడిదా అన్నాడు. నువ్వు కూర్చో, నీ బుర్రకి కాస్త చల్లదనం తగులుతుంది అన్నాడు వాడు.

నేనున్న సంగతే మర్చిపోయారు. వీధిలో నలుగురికి మైసూర్‌పాక్ పంచాను. ఎందుకంటే మనవరాలు పాసైందని చెప్పాను.

3 ఫిబ్రవరి, ఉదయం 6

నమాజులో కూడా నవ్వొచ్చింది. అల్లా క్షమించాలి.

5 ఫిబ్రవరి, బుధవారం

వెల్డింగ్ యేసుపాదం కొలతలకి వచ్చాడు. ఇనుప టేపు ఒక కొస పెద్దోడు, రెండో కొస చిన్నోడు పట్టుకున్నారు. ఇక్కడి నుంచంటే ఇక్కడి నుంచని గుంజుకున్నారు. కాలేషా అరచెయ్యి అడ్డంగా తెగింది. రక్తం యేసుపాదం చొక్కా మీద పడింది. చిన్నోడు ఆ రక్తపు చేత్తోనే అన్న చెంప పగలగొట్టాడు. పెద్దోడు డొక్కలో తన్నాడు. యేసుపాదం టేపు చుట్టుకుంటూ, పెద్దాయనా, కొలతలు రాసుకోమంటావా, స్టేషన్‌కి వెళ్ళి రాయించమంటావా అన్నాడు.

నేను వింటున్నాను. తొమ్మిదేళ్ళవీ బయటికొచ్చాయి. అమ్మ మందులు, పెళ్ళిలో బిర్యానీ తక్కువైన సంగతి, చిన్నప్పుడు విరిగిన సైకిలు. ఒకడు మర్చిపోతే ఇంకొకడు అందించాడు. తువ్వాలు చింపి చెయ్యి కడుతూ నేను నవ్వుతున్నానట. ఆయేషా చూసింది.

చివరికి ఇద్దరూ నా మీద పెట్టారు. స్థలం నాన్నది, నాన్న ఏదంటే అదే. ఆలోచించి చెబుతానన్నాను. చెప్పను. చెప్పిన రోజున గెలిచినవాడు ఊరుకుంటాడు, ఓడినవాడు తలుపేసుకుంటాడు. మళ్ళీ మధ్యలో నేను.

9 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున పెద్దోడి ఇంట్లో టీ తాగుతూ, గజీబోయే బాగుందిరా, గుంటలు తీయించు అన్నాను. మధ్యాహ్నం చిన్నోడి ఇంట్లో కూర్చుని, పెర్గోలాకేం తక్కువ, కానియ్యి అన్నాను. నా పేరు ఎత్తకు, వాడు బాధపడతాడని ఇద్దరికీ చెప్పాను.

తప్పని తెలుసు. అన్నాక తెలిసింది అని రాద్దామనుకున్నాను, కానీ ముందే తెలుసు.

11 ఫిబ్రవరి, మంగళవారం

గజీబోకి ఆరు గుంటలు, పెర్గోలాకి నాలుగు. వీడి గుంటలోని మట్టి వాడి గుంటలో పడింది. మీరావలి పార తిరగేసి తమ్ముడి వీపు మీద బాదాడు. కాలేషా పడి లేస్తూ పిడికెడు మట్టి అన్న నోట్లో కుక్కాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఆ మోకాలి లోతు గుంటలోకి పడ్డారు. మీసాలు నెరిసిన మగాళ్ళు. గుద్దుకున్నారు, కరుచుకున్నారు. ఒక పన్ను ఎగిరి బయట పడింది. ఎవరిదో కాసేపు తెలియలేదు. మీరావలిది. కోడళ్ళిద్దరూ కుక్కల్ని విడదీసినట్టు బిందెలతో నీళ్ళు కుమ్మరించారు.

చూడలేక కళ్ళు మూసుకున్నానని అందరికీ చెప్పాను. మూసుకోలేదు. చిన్నప్పుడు పెసరచేలో ఇలాగే దొర్లేవాళ్ళు.

12 ఫిబ్రవరి

ఆయేషా ఏడ్చింది. ఏదో ఒకటి చెప్పెయ్యి తాతా, నీ కొడుకులు చచ్చేలా ఉన్నారు, నీకు పండగలా ఉందా అంది. అదేం మాటమ్మా అన్నాను.

పండగలాగే ఉంది.

17 ఫిబ్రవరి, సోమవారం

పెర్గోలా ముందు లేచింది. కాలేషా, యేసుపాదం కలిసి మొన్న గురువారం నిలబెట్టేశారు. తీగ పాకేదాకా అని పైన పచ్చ వల కట్టాడు కాలేషా. మా ఖాళీ వెనకే పెద్దోడు మిర్చి ఆరబోసిన కళ్ళం. మధ్యాహ్నం తిరిగితే ఆ వల నీడంతా కళ్ళం మూల మీదే. ఈరోజు రాత్రి కప్పిన పరదా తీసి చూస్తే ఆ మూల కాయలు ఆరక మెత్తబడి తెల్లబడ్డాయి. తాలుకాయల కింద చవక ధరకి పోయినట్టే. ఎరుపులో కలిపి యార్డుకి తోలితే బస్తా విప్పినవాడు మొహాన కొడతాడు.

మీరావలి అరవలేదు. మెల్లగా అన్నాడు. మిర్చి యార్డులో గుమాస్తా పని చేసేవాడికి కాయ మీద నీడ పడితే ఏమవుతుందో తెలియదా, కావాలనే చేశాడు, నువ్వు చెప్పు నాన్నా అన్నాడు.

నాకేం తెలుసురా అన్నాను.

వల కట్టేటప్పుడు నేనక్కడే ఉన్నాను. కాలేషా నిచ్చెన మీద ఆకాశం వైపు చూస్తున్నాడు. నీడ ఎటు పడుతోందో చూసింది నేను.

18 ఫిబ్రవరి, సాయంత్రం

ఆగకుండా రాసేస్తాను, ఆగితే రాయలేను.

పొద్దుటి నుంచి కాయలు ఎగదోసిన చేతులు మీరావలివి. కడుక్కోలేదు. కాలేషా వల విప్పడానికే వచ్చాడు, ముడి దగ్గర వంగాడు. మీరావలి వెనక నుంచి వచ్చి రెండు అరచేతులూ వాడి కళ్ళలో పెట్టి రుద్దాడు. రుద్దుతూనే ఉన్నాడు. గొర్రెను కోసినప్పుడు కూడా అలాంటి అరుపు వినలేదు. కాలేషా చేతికి గడ్డపార దొరికింది. కళ్ళు కనపడవు, అయినా తిప్పాడు. ఒక దెబ్బ స్తంభానికి తగిలింది. ఇంకొకటి గాలికి పోయింది. మూడోది అన్న దవడకి. ఎండు పత్తికట్టె విరిచిన చప్పుడు. మీరావలి మోకాళ్ళ మీద కూలబడ్డాడు, నోట్లోంచి రక్తం తీగలా జారింది. కాలేషా ఇంకా తిప్పుతున్నాడు. ఎక్కడున్నావురా, పలకరా అని అరుస్తున్నాడు. పెద్దోడికి పలకడానికి దవడ లేదు.

యేసుపాదం వెనక నుంచి వాటేసి పడగొట్టాడు. చిన్న కోడలు కళ్ళలో పాలు పోసింది. పెద్ద కోడలు కొంగు మీరావలి నోటికి అడ్డం పెట్టింది.

నాకు నవ్వు రాలేదు.

19 ఫిబ్రవరి, గుంటూరు ఆసుపత్రి

చిన్నోడి రెండు కళ్ళకీ కట్లు. చూపు పోదంటున్నారు, కానీ టైం పడుతుందట. పెద్దోడి దవడకి వైర్లు బిగించారు, ఆరు వారాలు. పక్కపక్క మంచాలు.

పోలీసు వచ్చి అడిగాడు. కళ్ళంలో జారిపడ్డానన్నాడు చిన్నోడు. పెద్దోడు అదే ముక్క కాగితం మీద రాసిచ్చాడు. ముందుగా అనుకున్నది కాదు. ఇంత ఘోరంలోనూ నా గుండె ఉప్పొంగింది, ఏం మనిషిని నేను.

22 ఫిబ్రవరి, శనివారం

యేసుపాదం చూడ్డానికొచ్చి పెద్దోడి చెవిలో ఏదో చెప్పి వెళ్ళాడు. పెర్గోలా కట్టేటప్పుడు చిన్నోడి నోట నా పేరు విన్నట్టున్నాడు. తర్వాత మీరావలి చీటీ రాసి నా చేతికిచ్చాడు, తమ్ముడికి చదివి వినిపించమని సైగ చేశాడు.

చీటీలో ఇలా ఉంది. నాన్న నన్ను గజీబో కట్టమన్నాడు. నిన్నేం కట్టమన్నాడు?

వేరే ఏదైనా చదవొచ్చు. ఒకడికి కనపడదు, ఇంకొకడు అడ్డు చెప్పలేడు. నా అయిదో క్లాసు చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని ఉన్నది ఉన్నట్టు చదివాను.

 పెర్గోలా అన్నాడురా అన్నాడు కాలేషా. అన్నతోనే అన్నాడు. తర్వాత కట్లున్న మొహం నా వైపు తిప్పి, వల కట్టేటప్పుడు నువ్వు కింద నిలబడే ఉన్నావుగా నాన్నా అన్నాడు.

ఉన్నానన్నాను.

ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. ఈసారి ఒకే వైపు.

9 మార్చి, రంజాన్ నెల

ఇద్దరూ ఇళ్ళకొచ్చారు. రోజూ ఇఫ్తార్‌కి రెండు ఇళ్ళ నుంచీ పళ్ళెం వస్తోంది. గుమ్మం దగ్గర పెట్టి పోతున్నారు. ఏరా, నొప్పి తగ్గిందా అని అడిగాను. పెద్దోడు ఆగాడు. మళ్ళీ నడిచాడు.

6 ఏప్రిల్, ఆదివారం

గజీబో కట్టారు. చిన్నోడి కళ్ళు ఎండకి ఓర్చుకోవడం లేదు, కప్పుండాలన్నాడట పెద్దోడు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఇద్దరూ అందులో కూర్చున్నారు. వైర్లు తీసిన దవడతో వాడు నెమ్మదిగా ఏదో చెబుతున్నాడు, వీడు మధ్యమధ్యలో తిడుతున్నాడు. నన్ను పిలవలేదు. కిటికీ తలుపు ఓరగా తెరిచి పెట్టుకున్నాను. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.