మూడు కాళ్ళా, ఒంటి కాలా

డిసెంబరు 1, సోమవారం

నిన్న గుడివాడలో తీసిన ఓణీల ఫంక్షన్ ఫొటోలు చూస్తున్నాను. అక్షింతలు వేస్తున్న మేనత్త – షేక్, అంతా మసక. హారతి – షేక్. పిల్ల తల వంచి నవ్విన ఒకే ఒక్క క్షణం... అదీ షేక్.

లెన్సు పాతబడింది. హాల్లో లైటింగ్ దరిద్రం. పొద్దుటి నుంచి టిఫిన్ లేదు. కారణాలకేం, బోలెడు.

స్టాండు ఒకటి కొనాలి. ఇరవై ఆరేళ్ళు చేతుల మీదే తీశాను. స్టాండు మోసుకొచ్చేవాళ్ళను చూసి నవ్వాను కూడా. ఆ నవ్వు ఇప్పుడెక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

సుజాత మళ్ళీ అరగ్లాసు టీయే ఇచ్చింది. "పాలు తక్కువయ్యాయండీ" అట. ఈ మధ్య మా ఇంట్లో రోజూ పాలు తక్కువే.

డిసెంబరు 2

చెయ్యి బాగానే ఉంది.

డిసెంబరు 4, గురువారం

కెమెరాలు బాగుచేసే రహీం భాయ్ షాపుకి వెళ్ళాను. మూడు కాళ్ళ ట్రైపాడా, ఒంటి కాలి మోనోపాడా – ఏది కొనమంటావు అని అడిగాను.

"ముందు ఏం తీస్తారు, ఎక్కడ నిలబడి తీస్తారు... అది చెప్పండి గురువుగారూ."

పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు. ఆదివారాలు దివిసీమలో పక్షులు. చేపలు పట్టి తినే బావురుపిల్లి.

"పెళ్ళిలో మూడు కాళ్ళు పెడితే పేరంటాళ్ళు తన్నుకుని పడతారు. అక్కడ ఒంటి కాలు. గట్టు మీద గంటలు గంటలు కూర్చుంటానంటే మూడు కాళ్ళు. ఒంటి కాలు బరువు మోస్తుందంతే. ఊగకుండా ఆపాల్సింది చెయ్యే."

చెయ్యే. ఆ మాట తర్వాత నాకేం వినపడలేదు. ఊరికే వాదించాను – మూడు కాళ్ళదే కావాలి, మంచి బరువున్నది కావాలి, అన్నింటికీ అదే వాడతానని. "మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా" అని నవ్వాడు. పెద్ద లెన్సు బిగించి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. నవ్వు ఆపేశాడు.

రెండూ పాతవే ఇచ్చాడు, తన దగ్గరున్నవి. ఒక ఆదివారం ఇది, ఒక ఆదివారం అది... చూసి చెప్పమన్నాడు. నా చేతిలో టీ సాసరు టకటకలాడుతుంటే రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. మంచివాడు. మంచివాళ్ళంటే ఇవాళ ఒళ్ళు మండుతోంది.

డిసెంబరు 7, ఆదివారం

నాగాయలంక. తెల్లవారేసరికి రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాను, మూడు కాళ్ళూ బార్లా చాపి.

బావురుపిల్లి కోసం పదేళ్ళుగా తిరుగుతున్నాను. మూడుసార్లు కనిపించింది. మూడుసార్లూ తోకే వచ్చింది ఫొటోలో. ఈ చేతులు ఉండగానే ఒక్కటి, కళ్ళతో సహా... ఉండగానే అని రాశానేమిటి.

నత్తగుల్ల కొంగలు దిగాయి. కెమెరాలో కన్ను పెట్టేసరికి ఒక కాలు మెత్తటి మట్టిలోకి జారింది. సర్దాను. ఇంకోటి జారింది. ఈలోగా వెనక మనుషులు – ముగ్గురు, తర్వాత ఎనిమిదిమంది.

"ఏవండీ, ఎవరు పంపించారు మిమ్మల్ని?"

"కొలతలా? మా కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయండీ."

మూడు కాళ్ళు గట్టు మీద కనబడితే ఇక్కడ ఒకటే అర్థం – సర్వే. చెరువులు కొలవడానికి వచ్చిన ఆఫీసరుననుకున్నారు. కొంగలన్నానా, నమ్మరు. "కొంగలకి ఇంత మిషనెందుకండీ?" ఒకాయన లెన్సుకు అడ్డంగా నిలబడ్డాడు. బందరులో నా స్టూడియో పేరు, వీధి పేరు చెప్పాను. ఎవరి పెళ్ళికో నేనే తీశానని ఒకడు గుర్తుపట్టాక వదిలారు. అప్పటికి ఎండెక్కింది, కొంగలు లేవు.

గుర్తుపట్టినవాడు ఏడుకొండలు, పాయలో పడవ నడుపుతాడు. "పడవలోకి రండి, వచ్చే ఆదివారం. బావురుపిల్లి చోటు నేను చూపిస్తా. ఈ మూడు కాళ్ళు మాత్రం తేకండీ బాబూ."

డిసెంబరు 8

ట్రైపాడ్ కాళ్ళు బిగుసుకుపోయాయి. బురద వదలాలని చెరువు పక్క బోరు నీళ్ళతో కడిగాను. అక్కడ బోరు కూడా ఉప్పే. సముద్రం పక్కన పుట్టి ఆ మాత్రం తెలియదూ? ఉప్పుని ఉప్పుతో కడిగిన మేధావిని.

డిసెంబరు 11

చొక్కా పైగుండీ సుజాత పెట్టింది. ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ, అసలు అందుకే వచ్చినట్టు కాకుండా. నేనూ ఏదో మాట్లాడాను.

డిసెంబరు 14, ఆదివారం

చూశాను.

మోటారు వద్దంటే ఏడుకొండలు గెడతోనే తోశాడు. మడచెట్ల వేళ్ళ కింద, బురద అంచున – అదే. తడిసిన ఒళ్ళు, నోట్లో చేప. పది బారలు కూడా లేదు. ఇటే చూస్తోంది. పదేళ్ళలో మొదటిసారి రెండు కళ్ళూ.

ఒంటి కాలు పడవ అడుగున ఆనించాను. కిందికీ పైకీ కదలడం లేదు, నిజమే. అటూ ఇటూ... నా వేళ్ళు దాన్ని తిప్పుతూనే ఉన్నాయి. ఊపిరి బిగబట్టాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాను. నొక్కాను, నొక్కాను, నొక్కాను.

ఏడుకొండలు పిల్లిని చూడటం మానేసి నా చెయ్యి చూస్తున్నాడు.

మెల్లగా గెడ బురదలోకి దించి "దీనికి ఆనించండి, నేను పట్టుకుంటా" అన్నాడు. ఆ చప్పుడుకి అది లేచింది. పరిగెత్తలేదు కూడా. తీరిగ్గా, చేపతో సహా వేళ్ళలోకి నడిచిపోయింది.

నలభై ఒక్క ఫొటోలు. నలభై ఒకటీ మసక.

తిరిగొచ్చేటప్పుడు అన్నాడు, అడగకుండానే – "మా నాన్నకీ ఇలాగే వచ్చిందండీ. వల విసరలేకపోయేవాడు... కూర్చుని అల్లేవాడు. తర్వాత అల్లికా పోయింది."

తర్వాత? అడగలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్ళూ లెన్సునీ లైటునీ తిట్టాను. పోయింది చెయ్యి. రాశాను. ఇక్కడైనా రాశాను.

డిసెంబరు 15, సోమవారం

చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. నోరు తెరిచేలోపే –

"వినాయక చవితి నుంచి చూస్తున్నానండీ."

మరి చెప్పలేదేం?

"మీరే చెబుతారని."

పాస్‌పోర్టు ఫొటోలకి ఎవరైనా వస్తే, మీరు కూర్చోండి ఎండనపడి వచ్చారు అని నన్ను ఆపి తనే తీసేది. అదీ ఇందుకే. ఆల్బమ్‌కి పంపేముందు మసకవి తనే ఏరి తీసేసేది. గుడివాడవి మాత్రం తను చూసేలోపు నేను చూశాను.

టీ?

"నిండా పోస్తే ఒలుకుతుంది కదండీ. ఒలికితే మీకు కోపం."

ఇన్ని నెలలు. పాలు తక్కువని నేను పాలవాడితో తగువు కూడా పెట్టుకున్నాను. పాపం పాలవాడు.

విజయవాడలో డాక్టరు దగ్గర వచ్చే సోమవారానికి పేరు రాయించింది. నాకు భయంగా ఉంది. ఆయన ఏదో ఒక పేరు చెబుతాడు. అప్పుడిక అలసట అనడానికి ఉండదు.

డిసెంబరు 17

రాత చూస్తుంటే ఏడుపొస్తోంది. గీత మీద ఒక్క అక్షరమూ నిలబడటం లేదు. పాత డైరీ తీసి పక్కన పెట్టాను. వెంటనే మూసేశాను.

డిసెంబరు 18, గురువారం

రహీం ట్రైపాడ్ కాళ్ళు విప్పి, మంచినీళ్ళతో కడిగి, నూనె రాసి ఇచ్చాడు. ఒక వైరు కూడా ఇచ్చాడు, చివర మీట. స్టాండు మీద పెట్టి, దూరంగా కూర్చుని మీట నొక్కడమే.

"కెమెరాకి చెయ్యి తగలక్కర్లేదు గురువుగారూ."

ఎంత సంతోషంగా చెప్పాడో. చెయ్యి తగలక్కర్లేదు! ఇరవై ఆరేళ్ళు నేను చేసిందల్లా చెయ్యి తగిలించడమే కదా. మూడు కాళ్ళు నిలబడతాయి, వైరు నొక్కుతుంది. మరి నేనెందుకు, టిఫిన్ తినడానికా?

థాంక్స్ కూడా చెప్పకుండా వచ్చేశాను.

డిసెంబరు 20, శనివారం, సాయంత్రం

ఏడుకొండలు ఫోను.

"మూడు రోజుల్నించీ అదే చోటికి వస్తందండీ. రేపు వచ్చెయ్యండి. పడవలో అయినా సరే, గట్టు మీద అయినా సరే. చెరువులోళ్ళకి చెప్పేశా, సర్వే కాదని. ఆ మూడు కాళ్ళు దిగబడకుండా కింద పెట్టడానికి కొబ్బరి చిప్పలు కూడా ఉంచా."

చూస్తానన్నాను.

"ఏం తెస్తారండీ... ఒంటి కాలా, మూడు కాళ్ళా?"

చెబుతానన్నాను. రెండూ తలుపు పక్కన నిలబెట్టి ఉన్నాయి. రేపు ఒక్కటే మిగిలింది, ఎల్లుండి డాక్టరు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళే మనిషి నాలో మిగులుతాడో లేదో.

సుజాత టీ తెచ్చింది. అరగ్లాసు. వెనక్కి ఇచ్చేశాను. నిండా పొయ్యి అన్నాను. నా మొహంలోకి చూసింది. అంచు దాకా పోసి తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, తడి లేకపోయినా.

ఒలకకుండా తాగితే ఒంటి కాలు, పడవ, నా చెయ్యి.

ఒలికితే మూడు కాళ్ళు, వైరు.

రాయడం మొదలుపెట్టినప్పుడు టీలోంచి పొగలొస్తున్నాయి. ఇప్పుడు మీగడ కట్టింది. తను ఇంకా గుమ్మంలోనే ఉంది.