పదకొండో నంబరు గోడ

3 మార్చి 2025

నోటీసు అంటించారు. హాజరీ బోర్డు పక్కన హిందీలో ఒకటి, మరాఠీలో ఒకటి. జూన్ 30తో మా అండర్‌గ్రౌండ్ గని బంద్. మొదటి షిఫ్టు వాళ్లు చదివారు. ల్యాంప్ రూమ్‌లో నా కిటికీ దగ్గరికొచ్చి ల్యాంపులు తీసుకుని దిగిపోయారు. నూట పన్నెండు ల్యాంపులు ఇచ్చాను. నేను చేరిన కొత్తలో ఒక్క షిఫ్టుకే మూడొందలు ఇచ్చేదాన్ని.

చివరి లైను నాలుగుసార్లు చదివాను. పంపులు కూడా ఆపేస్తారట. అంటే గనిలో నీళ్లు నిండుతాయి.

4 మార్చి

ఈ నోట్‌బుక్ నా బిడ్డ అనూషది. కాలేజీలో సగం వాడి వదిలేసింది. నేను కాగజ్‌నగర్‌లో పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. పెళ్లయి చంద్రపూర్ వచ్చాక రాసే అవసరమే రాలేదు. ‘క్ష’ రాయడానికి ఇప్పుడు ఆగి ఆలోచించాల్సి వచ్చింది. నా పేరులోనే ఉంది ఆ అక్షరం. కమలాక్షి.

ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. నా బిడ్డ తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదివింది మాత్రం మరాఠీ మీడియం. కాబట్టి ఏమైనా రాయొచ్చు.

పోశం ఇంకా కిందే ఉన్నాడు.

2006 ఆగస్టు, సెకండ్ షిఫ్టు. పైకప్పు కూలింది. ఆ చోట పనిచేస్తున్న నలుగురిలో ముగ్గురు బయటపడ్డారు. మా ఆయన రాలేదు. మూడు రోజులు తవ్వారు. నాలుగో రోజు లోపల బొగ్గు రాజుకుని పొగ మొదలైంది. ఇంకా తవ్వితే రెస్క్యూ వాళ్ల ప్రాణాలు పోతాయని ఆ భాగమంతా గోడలు కట్టి మూసేశారు. అప్పుడు ఆయనకు ముప్పై ఒకటి, నాకు ఇరవై ఏడు, అనూషకు రెండు. సర్టిఫికెట్ ఇచ్చారు. ల్యాంప్ రూమ్‌లో ఉద్యోగం ఇచ్చారు. మనిషిని ఇవ్వలేదు.

గని నడిచినన్నాళ్లు నాకొక ధైర్యం ఉండేది. కింద మనుషులు తిరుగుతున్నారు, గాలి ఆడుతోంది, ఆయన మరీ ఒంటరిగా లేడు అని.

11 మార్చి

ఢిల్లీ నుంచి సర్వే వాళ్లు వచ్చారు. ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. బొగ్గు తర్వాత ఈ జిల్లా ఎలా బతకాలో ప్రభుత్వానికి రిపోర్టు రాస్తారట. ఇదే ప్రశ్నలు ఇండోనేషియాలో, వియత్నాంలో కూడా అడుగుతున్నారట. వియత్నాంలో ల్యాంపు కిటికీ వెనక ఎవరైనా ఆడమనిషి కూర్చుంటుందా అని అడిగాను. తెలియదంది.

మీకేం కావాలి అని అడిగి, తానే చదివింది. కుట్టుపని, బ్యూటీ పార్లర్, కోళ్ల పెంపకం, సోలార్ ప్యానెళ్ల రిపేరు, ఇతరం. నేను ఇతరం అన్నాను. ఏమిటో చెప్పండి అంది.

ఒకసారి కిందికి దిగి చూడాలి అన్నాను.

ఆ అమ్మాయి వేలు ట్యాబ్ మీద ఆగిపోయింది. అలాంటిది రాయడానికి చోటు లేదంది. అయినా ఏదో టైప్ చేసింది. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అది నాకు కావాలని నాకే తెలియదు.

19 మార్చి

బాపయ్య మామకు చెప్పాను. ఆయన ఓవర్‌మన్, అంటే కింద షిఫ్టు పని నడిపించేవాడు, గనిలో అందరికంటే పాతవాడు, జూన్‌లో రిటైర్మెంట్. ఆ రోజు బయటపడ్డ ముగ్గురిలో ఒకడు. పంతొమ్మిదేళ్లుగా రోజూ నా చేతి నుంచే ల్యాంపు తీసుకుంటాడు. ఆ రోజు గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

“గాడ ఏముంటది బిడ్డా? పదకొండో నంబరు గోడ. సున్నమేసిన గోడ, గంతే” అన్నాడు.

నీకెలా తెలుసు అన్నాను.

“నెలకోపారి పోయి చూసొస్త. ఏడాదికోపారి సున్నం కొడుత. వేరేటోళ్లను కొట్టనియ్య.”

“నాకెందుకు చెప్పలే మామా?”

“నువ్వడుగలే. నేనెట్ల చెప్పాలె?”

ల్యాంపు బెల్టుకు తగిలించుకుని పోయాడు. మూడుసార్లు తప్పుగా తగిలించాడు.

2 ఏప్రిల్

మేనేజర్ సాబ్ కాదన్నాడు. కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి మరీ కాదన్నాడు. ఇప్పుడు రూల్ మారింది, ఆడవాళ్లు కూడా పగటి షిఫ్టులో కిందికి దిగొచ్చు, కానీ టెక్నికల్ పోస్టుల్లో ఉన్నవాళ్లు మాత్రమే. ల్యాంప్ రూమ్ మనిషికి కింద ఏం పని అన్నాడు. దుఃఖం పని కాదు కదా.

9 ఏప్రిల్

గని మూసివేత పనులు చూడటానికి కొత్త ఇంజినీరు వచ్చింది. పేరు అర్చన. రాజురా దగ్గర ఊరు, ఇంట్లో తెలుగే. వ్యవసాయం చేసుకునేవాళ్లు. “కాకు, జర తేలికది ఇయ్యుండ్రి, మెడ నొస్తది” అని నవ్వుతూ ల్యాంపు అడిగింది. కాకు అంటే మరాఠీలో పిన్ని.

పంతొమ్మిదేళ్లలో ఆడమనిషికి ల్యాంపు ఇవ్వడం ఇదే మొదలు. కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. జడ హెల్మెట్‌లోకి దోపుకుని, మగవాళ్ల వెనకే నడిచి, ఏటవాలుగా గనిలోకి దిగే ఇంక్లైన్ నోట్లోకి వెళ్లిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాతో ల్యాంప్ రూమ్‌లో పనిచేసే వినాయక్ చూస్తే, సంతోషం అన్నాను. అబద్ధం. కుళ్లు.

15 ఏప్రిల్

ఆయన ముఖం ఫోటోలో ఉన్నట్టే గుర్తొస్తోంది. ఫోటో బయట గుర్తు రావడం లేదు.

21 ఏప్రిల్

దొరికింది!

స్టాక్ రిజిస్టరు అప్పగించడానికి పాత పేజీలు తిరగేస్తున్నాను. 2011లో కింద ఫస్ట్ ఎయిడ్ స్టేషన్లలో పెట్టడానికి ఆరు స్ట్రెచర్లు మా ల్యాంప్ రూమ్ నుంచే పంపారు. నా సంతకం ఉంది. అవి తిరిగి రాలేదు. అంటే కింద నా సామాను ఉంది. అంటే కింద నాకు పనుంది.

రిజిస్టరు తీసుకుని నేరుగా అర్చన దగ్గరికి వెళ్లాను. చూసింది, నన్ను చూసింది. బాపయ్య మామ అంతా చెప్పినట్టున్నాడు. సామాను లెక్కకు తనకు అసిస్టెంటు కావాలని మేనేజర్‌కు లెటర్ రాస్తానంది. “కని కాకు, మెడికల్ పాస్ కావాలె. ట్రైనింగ్ గూడ జెయ్యాలె. సక్కగ దిగుదాం, సక్కగ ఎక్కుదాం” అంది.

29 ఏప్రిల్

మేనేజర్ సంతకం పెట్టాడట. రిజిస్టరు పేజీ కాసేపు చూసి, స్ట్రెచర్లా అని మాత్రం అన్నాడట.

8 మే

మెడికల్ పాస్. బీపీ కొంచెం ఎక్కువట, డాక్టర్ రెండోసారి చూసి వదిలేశాడు. మూడు రోజుల ట్రైనింగ్‌లో క్లాసు మొత్తానికి నేనే పెద్దదాన్ని. ఆపదలో ముఖానికి పెట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ ఎలా తెరవాలో నేర్పారు. అవి రోజూ అందరికీ పంచేదాన్ని నేనే. తెరిచి చూసింది మాత్రం ఇప్పుడే.

13 మే

దుర్గమ్మ వచ్చింది. మా పక్క క్వార్టరులో ఉంటుంది, పుట్టిల్లు గోండ్‌పిప్రి వైపు. ఇప్పుడు ఆమె అన్న కుటుంబం గని పక్క ఊళ్లోనే ఉంది. గనిలో నిండే నీళ్లను శుభ్రం చేసి ఆ ఊళ్లకు పైపు వేస్తారట. ఆమె వదిన ఈ ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి నీళ్లు తెస్తోంది. “జల్ది బంద్ జేస్తే మంచిగుండు అక్కా” అని, వెంటనే నాలుక కరుచుకుంది. నా మొగుడి సంగతి గుర్తొచ్చింది పాపం.

ఏం కాదులే అన్నాను. నిజంగానే ఏం కాదు. ఆ వదినకు నీళ్లు వద్దని నేను ఏ నోటితో అంటాను? కానీ దుర్గమ్మ వెళ్లాక పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

21 మే

రేపే. అనూష కూడా వస్తానని పట్టుబట్టింది. దిగనివ్వరు అంటే, పైన కూర్చుంటా అంది. హాస్పిటల్‌లో సెలవు పెట్టింది. నర్సు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు, మొదటి సెలవు ఇదే.

22 మే, సాయంత్రం 5.30

వెళ్లొచ్చాను.

చేతులు కడుక్కోకముందే రాయాలని కూర్చున్నాను. పేజీ నల్లగా అవుతోంది.

పొద్దున తొమ్మిదికి నా ల్యాంపు నేనే తీసుకున్నాను. బూట్లు పెద్దవైతే లోపల గుడ్డలు కుక్కాను. బాపయ్య మామ ముందు, అర్చన మధ్యలో, నేను వెనక. అనూష గేటు దాకా వచ్చి, “జపూన్ జా అమ్మా” అంది. జాగ్రత్త అని. భయమేస్తే దానికి మరాఠీ వస్తుంది.

పైన ఎండ నిప్పులు. నూరు మెట్లు దిగామో లేదో చల్లటి గాలి ముఖానికి తగిలింది. ఎండాకాలం వస్తే పోశం అనేవాడు, నేను డ్యూటీకి పోతున్న అంటే అత్తగారింటికి పోతున్నట్టే, మంచిగ సల్లగుంటది అని. నన్ను ఊరడించడానికి చెబుతున్నాడని అనుకునేదాన్ని. నిజమే చెప్పాడు. నాతో ఐదేళ్లున్న మనిషి ఎన్ని నిజాలు చెప్పాడో, నేను ఎన్ని నమ్మలేదో.

చాలాసేపు నడిచాం. స్ట్రెచర్లు ఐదు దొరికాయి. రాసుకున్నాను. ఆరోది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒక మలుపు దగ్గర బాపయ్య మామ ఆగాడు. హెల్మెట్ సర్దుకున్నాడు.

ఆ గోడ ఇంత చిన్నదా అనిపించింది. మా వంటింటి గోడంత ఉంది. తెల్లటి సున్నం, మీద ఎర్ర రంగుతో 11. పక్కన చిన్న బోర్డు, దాని మీద తేదీలు, ప్రతి తేదీ దగ్గరా బాపయ్య మామ సంతకం. గోడలోంచి ఒక సన్న ఇనుప గొట్టం బయటికి వచ్చి ఉంది, చివర వాల్వ్ బిగించి. అదేంటని అడిగాను. “లోపటి గాలి గిండ్లకెల్లి తీసి చూస్తరు కాకు” అంది అర్చన. తర్వాత మామ ఆమెను ఏదో చూపిస్తానని మలుపు అవతలికి తీసుకుపోయాడు.

గొట్టం మీద చేయి పెట్టాను. ల్యాంపు ఆర్పాను. ఆర్పకూడదు, ట్రైనింగ్‌లో చెప్పారు. ఆయన దగ్గర ఏ చీకటి ఉందో చూడాలనిపించింది. నా చేయి నాకు కనిపించలేదు.

చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. అనూష నర్సయింది. మీ అమ్మ పోయింది. నేను స్కూటీ నేర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. “నీకు ముప్పై ఒకటే. నాకు నలభై ఆరు. ఇప్పుడు ఎదురుపడితే నన్ను గుర్తువట్టవు” అన్నాను. ఇంకోసారి అన్నాను, కొంచెం గట్టిగా. కోపంగా కూడా అన్నాననుకుంటా. గోడ అవతల ఎక్కడో నీటి బొట్టు పడింది. అంతే.

ఏడుపు రాలేదు. ఆకలేసింది. సిగ్గు లేకుండా ఆకలేసింది.

తిరిగి వచ్చేటప్పుడు మామను అడిగాను, ఆయన ఎలా మాట్లాడేవాడు, నాకు గొంతు గుర్తు లేదు అని. మామ నడుస్తూనే చెప్పాడు.

“తక్కువ మాట్లాడెటోడు. కని షిఫ్టు అయిపోయినంక గీ ఎక్కుడు మీద అందరికంటె ముందుగాల నడిచెటోడు. ఆగు పోశం, ఆగురా అని మేం ఒర్రేది. ఆగకపోయేది. ఇంటికాడ బిడ్డ పండుకుంటదని ఉరికెటోడు.”

అక్కడ కూర్చుండిపోయాను. మెట్ల మీదే. అర్చన నీళ్లు తాగించింది. పైకి రావడానికి నాకు గంటన్నర పట్టింది.

23 మే

అనూషకు ఆ మాట చెప్పాను. ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది. నాన్నను నేనేమని పిలిచేదాన్ని అని అడిగింది. బాపు అనేదానివి అన్నాను. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కొంచెంసేపటికి లోపల చిన్నగా అని చూసుకుంటున్నట్టు వినిపించింది. బాపు. బాపూ.

30 జూన్

ఆఖరి షిఫ్టు. ముప్పై ఎనిమిది ల్యాంపులు ఇచ్చాను, ముప్పై ఎనిమిది తిరిగి వచ్చాయి. బాపయ్య మామ అందరికంటే చివర పైకి వచ్చాడు. బట్టల నిండా సున్నం మరకలు. ఎందుకని నేను అడగలేదు. సాయంత్రం నాలుగింటికి పంపులు ఆపారు. ఆ చప్పుడు ఇన్నేళ్లుగా ఉందని, ఆగాకే తెలిసింది.

18 జులై

పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్‌కు ట్రాన్స్‌ఫర్. లారీల బరువు తూచే కాంటా దగ్గర డ్యూటీ, లారీ నంబర్లు కంప్యూటర్‌లో కొట్టడం. ఎవరూ కిటికీ దగ్గర ఆగరు, హారన్ కొట్టి పోతారు. ఎవరి ముఖం ఏదో తెలియదు. పాత గని దగ్గర మనిషి దిగేటప్పుడు ముఖం చూసేదాన్ని, ఎక్కేటప్పుడు చూసేదాన్ని. రెండోసారి చూసినప్పుడు ప్రతి రోజూ ఒక చిన్న సంతోషం ఉండేది. ఇన్నేళ్లూ దానితోనే బతికినట్టున్నాను.

అర్చన మాత్రం పాత గని దగ్గరే ఉంది. బోర్ గుంతలోంచి నీటి మట్టం చూస్తూ ఉంటుంది. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమన్నాను. చెప్పాలా కాకు, నిజంగా చెప్పాలా అంది. చెప్పు అన్నాను.

9 సెప్టెంబర్, ఉదయం 6.10

అర్చన మెసేజ్. నీళ్లు గోడ దాటాయి.

పోశంకు ఈత రాదు.