ఊసరవెల్లికి ఏ ఇల్లు?

ప్రొద్దుటూరు, ఆదివారం రాత్రి

లింగాలలోని చీనీ (బత్తాయి) తోట నుంచి పాప తెచ్చుకున్న ఊసరవెల్లిని ఎక్కడ ఉంచాలో నాకు అర్థం కావడం లేదు. పాత చేపల తొట్టిలో పెడితే నల్లబడి, గాజు వైపు నోరు తెరిచి బుసకొట్టింది. చలేమోనని బల్బు పెట్టాను. ఇంకా నల్లబడింది.

"గాజులో దాని నీడే దానికి కనపడతాండాది. ఇంకోటి వచ్చిందని బెదురుతాండాదిరా," అంది అమ్మ.

సాయంత్రం కరివేపాకు కుండీ చుట్టూ దోమతెర కట్టి అందులో వదిలాం. కాసేపటికే పచ్చబడింది. ఆ తర్వాత ఎంత వెతికినా కనపడలేదు. ఆకుల్లో హాయిగా ఉందో, తెర కింద నుంచి జారుకుందో...

"నాన్నా, యాడుంది?" అంది పాప.

"ఆడే ఉందిమ్మా," అని ఏదో ఒక కొమ్మ చూపించాను.

"ఆఁ, కనపడింది," అని పోయి పడుకుంది.

తను నిజంగా చూసిందో, నా కోసం అలా అందో.